చివరి అక్షరం ముందు

మెహరున్నీసా తన తండ్రి పేరు ఎప్పుడూ ‘ల్లా’తోనే మొదలుపెడుతుంది. బోర్డు కింద కుడిమూలలో ముందు ‘ల్లా’, దానికి ఎడమ పక్కన ‘తు’, తర్వాత ‘మ’, ‘హ’, అన్నిటికంటే చివర ‘ర’. రాయడం అయ్యాక ఎవరు చదివినా ‘రహమతుల్లా’ అనే చదువుతారు. రాస్తుండగా చూస్తే మాత్రం ఈమెకేమైనా మతి పోయిందా అనుకుంటారు. నయం, అట్లా చూసినవాళ్ళు ఈ లోకంలో ఇద్దరే. ఒకరు ఆ పేరుగల రహమతుల్లా. రెండోవారు వెనకింట్లో ఉండే కరుణమ్మ టీచరు.

ఆ శుక్రవారం జుమ్మా నమాజు చదువుకుని వచ్చిన రహమతుల్లా గడపలోనే నిలబడి కూతురి భుజం మీదుగా బోర్డు చూశాడు. జమ్మలమడుగులో ఆ ఇంటినిండా బోర్డులు రాయాల్సిన రేకులే. కొత్త రాష్ట్రం వచ్చి మూడు నెలలైంది. ‘ఆంధ్ర రాష్ట్రము’ అని ఉన్న ప్రతి ఆఫీసు బోర్డూ ‘ఆంధ్ర ప్రదేశ్’ కావాలి. మంచాల కింద రేకులు, అటక మీద రేకులు, వంటింట్లో అటుకుల డబ్బా పక్కన తెల్లరంగు డబ్బా.

“‘ల్లా’ కింద వత్తు ఇంకా పెద్దదిగా రాయి బేటీ. పైకెక్కితే కనపడదు” అన్నాడు.

“పెద్దదైతే గలీజుగా ఉంటాది అబ్బా.”

“పైకెక్కితే కనపడదంటాండా కదా!”

“పైకెక్కినాక నేనేమన్నా చూసినానా?”

నాలుగేళ్ళుగా రహమతుల్లా కుడిచెయ్యి వణుకుతోంది. టీ గ్లాసు సగం ఒలకనిదే నోటిదాకా రాదు. మద్రాసులో నాటకాల తెరలు గీసి వచ్చిన చెయ్యి అది. ఈ నాలుగేళ్ళలో ఆ ఇంట్లోంచి పోయిన ప్రతి బోర్డూ మెహరున్నీసా తలుపు మూసుకుని రాసిందే. గోనెపట్టాలో చుట్టి బస్సు పైకెక్కిస్తారు, అది పోతుంది. ఏ గోడకు ఎక్కిందో, ఎండలో ఎట్లా కనిపిస్తోందో ఆమెకు తెలియదు. ఒక్కటంటే ఒక్కటి చూడలేదు.

“మళ్ళా చివర్నించేనా? తెలుగు ఎడమ నుంచి నడుస్తాది కదమ్మా” అన్నాడు తండ్రి, మాట మార్చడానికి.

“నడిచేది చదివేవాళ్ళకబ్బా. రాసేది నా చెయ్యి.”

పోయిన తల్లి దగ్గర మొదట దిద్దింది ఉర్దూ అక్షరాలు. చెయ్యి కుడి నుంచి కదలడం నేర్చింది, అంతే, ఇంక మారలేదు. ఎడమ నుంచి రాసే పెయింటర్లకు చివర చోటు చాలక ఆఖరి అక్షరాలు ఇరుక్కుంటాయి. మెహరున్నీసా బోర్డుల్లో మొదటి అక్షరం ఇరుక్కుంటుంది.

రహమతుల్లా జేబులోంచి జాబు తీసి మంచం మీద పరిచాడు. ప్రొద్దుటూరు ఫుట్‌బాల్ పోటీల కమిటీ రాసింది. గోడకు ఆనించి ఉన్న టేకు పలక వాళ్ళదే. పదిహేను రోజులు గరుకు కాగితంతో రుద్ది, నల్లరంగు మూడు పూతలు వేసి, ‘1957 విజేతలు’ అని పసుపురంగుతో రాసింది మెహరున్నీసా. రెండు చోట్లు మాత్రం ఖాళీగా వదలమన్నారు. ఎందుకో ఈ జాబులో ఉంది. ఆదివారం ఫైనల్ కాగానే, గెలిచిన జట్టు పేరూ, కింద తన పేరూ, చిత్రకారుడు రహమతుల్లా గారు మైదానంలో అందరి ఎదుట స్వయంగా రాయాలట.



“చేతికి కట్టు కట్టుకుంటా. నిచ్చెన మీంచి పడినానంటా. ఆడ గఫూర్ ఉండాడు కదా, రాస్తాడు” అన్నాడు రహమతుల్లా.

గఫూర్ ప్రొద్దుటూరులో బోర్డులు రాసేవాడు. ఊళ్ళో తను ఉండగా జమ్మలమడుగు నుంచి బోర్డులు రావడం అతనికి ఎప్పటినుంచో కంట్లో నలుసు.

“గఫూరా? నేను రుద్దిన పలక మీద గఫూర్ రాస్తాడా?” మెహరున్నీసా కుంచె కింద పెట్టింది. “నేనొస్తా. నేనే రాస్తా.”

“రాసేది ఆడమనిషని తెలిస్తే రేపట్నించి ఒక్క రేకు మన గడప తొక్కదు. నాలుగేండ్లు మోసం చేసినామంటారు. ఆ పేరు ఉన్నన్నాళ్ళే బేటీ మనకు కూడు. అది పోతే నీకేముండాది?” ఆయన గొంతులో కోపం లేదు. భయం. కోపమే ఉంటే ఆమె ఎదురు తిరిగేది. భర్త పోయి ఈ ఇంటికి వచ్చిన నాడు ఒక్క మాటా అనకుండా చేతిలో కుంచె పెట్టిన మనిషి ఆయన.

“అయితే చూడనీ. రాయనులే. కరుణమ్మక్క రేపు పోతాంది, వాళ్ళ తమ్ముడు యోబు మనూరి జట్టులో ఆడతాండాడు. ఆయక్కతో పోతా. నేను రాసినవి యాడుండాయో కళ్ళతో చూసొస్తా. ఆడ బొమ్మల ప్రదర్శనలో నేను గీసిన పటం పెట్టినారంట, అదీ చూస్తా.”

“నోరు తెరవవు కదా?”

“తెరవను.”

“నా మీద ఒట్టు?”

“నీ మీద ఒట్టబ్బా.”

శనివారం పొద్దున బస్సు ప్రొద్దుటూరు బజారులోకి తిరిగిందో లేదో, మెహరున్నీసా కరుణమ్మ మోచెయ్యి గిల్లింది.

“అక్కా! అదో! అది నాదే!”

“ఏదిమే?”

“నూలు చీరెల దుకాణం. ‘నూ’ చూడు, ఎట్ల ఇరుక్కుందో!”

బురఖా ముసుగు పైకెత్తి బస్సు కిటికీలోంచి సగం బయటికి వంగింది. ఇంట్లో మంచానికి ఆనించి రాసిన రేకు అక్కడ రెండు నిలువుల ఎత్తున ఎండలో మెరుస్తోంది. కింద జనం దాన్ని చూసి లోపలికి పోతున్నారు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సంతోషమే. దాచుకోవాలని కూడా అనిపించలేదు.

బస్సు దిగి ఇద్దరూ బోర్డులు వెతుక్కుంటూ నడిచారు. నగల అంగడి మీద ఒకటి, బియ్యం మండీ మీద ఒకటి, సైకిల్ షాపు మీద ఒకటి. కరుణమ్మ ముప్పై అయిదేళ్ళ మనిషి, మిషన్ బళ్ళో మూడో తరగతికి పాఠం చెబుతుంది, దేనికీ జంకదు. రోడ్డు మధ్య నిలబడి వేలు చూపిస్తూ గట్టిగా చదివేస్తోంది.

సైకిల్ షాపు ముందు మెహరున్నీసా ముఖం చిన్నదైంది. అడుగున ‘ప్రొద్దుటూరు’ అని తను రాసింది, కిందినుంచి చూస్తే వత్తులన్నీ మాయమై ‘పొదుటూరు’ అయి కూర్చుంది.

“అబ్బ చెప్పినాడక్కా. వత్తులు కనపడవని నెత్తీనోరూ కొట్టుకున్నాడు. నేనింటేనా!”

“పోనీలే మే. ఈ ఊరోళ్ళు పొదుటూరనే అంటారులే” అంది కరుణమ్మ. ఇద్దరూ నడిబజార్లో పగలబడి నవ్వారు.

ఆకలి వేసింది. బజారు మూలన కాఫీ హోటలు. దోసెల మీద కారం పూసే వాసన రోడ్డు దాకా వస్తోంది. లోపల అడుగుపెట్టి, గాలి తగిలే బల్ల చూసుకుని కూర్చోబోతుండగా గల్లాపెట్టె దగ్గరి హోటలాయన చెయ్యెత్తాడు.

“అమ్మా, ఆడ కాదు. ఆడోళ్ళు లోపలికి. బోర్డు చదవలేదా?”

మెహరున్నీసా తలెత్తి చూసింది. మాసిన పరదా మీద పొడుగాటి రేకు. నీలం మీద తెలుపు. ‘స్త్రీలకు ప్రత్యేక స్థలము కలదు.’ పోయిన ఏడు ఎండాకాలంలో రాసింది. ‘కలదు’ కాలు చాపుకుని దర్జాగా ఉంది. ‘స్త్రీ’ మాత్రం ఎడమ అంచుకు నొక్కుకుపోయి ఊపిరాడక ఉంది.

కరుణమ్మ ఆమె వంక చూసింది. మెహరున్నీసా పెదవులు బిగించి పరదా తీసింది.

పరదా వెనక ఉల్లిగడ్డల మూటలు, కాలు విరిగితే తాడుతో కట్టిన బల్ల, పక్కనే పొయ్యి. కిటికీ లేదు. పొగకు కళ్ళు మండుతుంటే ఇద్దరూ కారం దోసెలు తిన్నారు. దోసె మాత్రం చెప్పుకోవాలి, అంచులు కరకర, నడుమ వెన్న. ఆ పొగలో కూర్చోబెట్టి అంత మంచి దోసె పెట్టినందుకు మెహరున్నీసాకు మరింత ఒళ్ళు మండింది.

“నేను రాసిన అక్షరాలతో నన్నే తోసినాడక్కా” అంది.

“చెప్పకపోయినావా?”

“ఒట్టేసినా.”

సాయంత్రం ప్రదర్శన. ఒక బడి హాల్లో పెట్టారు. రోజాపూలు, నెమళ్ళు, గండికోట గోడలు, పెన్నలో పడవ. చివరి గోడకు నిలువెత్తు గుడ్డమీద బంతి తన్నబోతున్న ఆటగాడు. ముఖం పక్కకు తిరిగి ఉంది, చూపు బంతి మీద. జనం చూస్తున్నది ముఖాన్ని కాదు, ఎడమకాలిని. బొటనవేలికి చుట్టిన పాతగుడ్డ, దాని కింద చిట్లిన గోరు, పిక్క మీద ఉబ్బిన నరం, మడమకు ఎర్రమట్టి. అది యోబు కాలు. వారం రోజులు కరుణమ్మ వాకిట్లో పీట మీద కాలు పెట్టుకుని, “తిమ్మిరెక్కుతాంది మెహరూ, బిరీన గీయమ్మా” అని గొణుక్కుంటూ కూర్చున్నాడు.

పటం కింద ‘రహమతుల్లా, జమ్మలమడుగు’ అని చీటీ. పక్కన ఒకాయన నిలబడి వచ్చినవాళ్ళకు వివరిస్తున్నాడు. చెవి మీద పెన్సిలు, చొక్కాకు రంగు మరకలు. ఎవరో “గఫూరన్నా” అని పిలిస్తే మెహరున్నీసాకు అర్థమైంది.

“రహమతుల్లా చాచాది మద్రాసు చెయ్యి. ఈ నరం చూడండి. మగోని కాలు మగోడే గీయాల. ఆడోళ్ళు పంపినవన్నీ అదో, నెమళ్ళు” అంటున్నాడు గఫూర్. “అక్షరాల్లోనే, పాపం, చూపు తగ్గింది ఆయనకు. ఏ బోర్డన్నా చూడు, మొదటక్షరం ఇరికిస్తాడు. ఇంకెన్నాళ్ళు రాస్తాడులే.”

మెహరున్నీసా బురఖాలోపల పిడికిళ్ళు బిగించింది. పొగడ్త తనది, తండ్రికి పోయింది. సరే, పోనీ. తప్పు కూడా తనదే, అదీ తండ్రి నెత్తినే పడింది. అది మాత్రం మింగుడు పడలేదు. నాలుగేళ్ళుగా తను ఆయన పేరు మీద బతుకుతోంది అనుకుందే గానీ, ఆ పేరును తను ఎక్కడెక్కడ ఇరికించిందో ఇవాళే తెలిసింది.

ఆ రాత్రికి కరుణమ్మ పిన్ని వసంతమ్మ ఇంట్లో పడుకుని, ఆదివారం పొద్దున కరుణమ్మ ప్రార్థనకు పోయి వచ్చేదాకా మెహరున్నీసా అరుగు మీద కూర్చుని ఆలోచించింది.

“టిఫినుకు యాడికి పోదామ్మే?” అంది కరుణమ్మ వస్తూనే.

“నిన్నటి హోటలుకే.”

ఈసారి మెహరున్నీసా తిన్నగా వెళ్ళి వీధివైపు బల్ల దగ్గర కూర్చుంది. కరుణమ్మ ఎదురుగా కూర్చుని కొంగుతో బల్ల తుడిచింది. చుట్టూ బల్లల వాళ్ళు తలలు తిప్పారు.

“మళ్ళా ఈడేనా! నిన్న చెప్పినా కదమ్మా” అన్నాడు హోటలాయన. “బోర్డు చదవలేదా?”

“చదివినాను. నువ్వు చదివినావా?” అంది మెహరున్నీసా. “ప్రత్యేక స్థలము కలదు అని ఉండాది. కలదు అంటే ఉందీ అని. కావాలన్నోళ్ళు పోతారు. ఆడనే కూర్చోవాలని యాడుంది? ఏదీ, చూపీ!”

హోటలాయన నిజంగానే తలెత్తి చదివాడు. పెదవులు కదిలాయి. బల్లల దగ్గర ఒకరిద్దరు కిసుక్కుమన్నారు.

“అర్థం అదేలేమ్మా. రాసినోళ్ళకు తెల్దా?”

“రాసింది నేను! నాకు తెల్దా?”

మాట జారిపోయింది. కరుణమ్మ బల్ల కింద కాలు తొక్కింది గానీ ఏం లాభం. హోటలాయన గట్టిగా నవ్వాడు. “విన్నారాప్పా? రహమతుల్లా సాయిబు బోర్డు ఈయమ్మ రాసిందంట!” బల్లలన్నీ నవ్వాయి. మూల బల్ల దగ్గర ఒకడు మాత్రం నవ్వలేదు. కాఫీ గ్లాసు కింద పెట్టి, మెహరున్నీసా వేళ్ళ వైపు చూశాడు. గోళ్ళ సందుల్లో పసుపురంగు. అతను గఫూర్. లేచి బయటికి వెళ్ళిపోయాడు.

ఉగ్గానీ బజ్జీ ఆ బల్ల మీదికే వచ్చింది. బోర్డు మీద లేని మాటతో హోటలాయన లేపలేడు మరి. మెహరున్నీసాకు మాత్రం ముద్ద దిగలేదు.

“తప్పు చేసినానక్కా. అబ్బ మీద ఒట్టు.”

“తిను. తిని ఏడుద్దువు గానీ. ఇంత దూరం వచ్చి గాలి తగిలే చోట కూర్చున్నాం, బజ్జీ చల్లారిపోతాంది” అంది కరుణమ్మ.

మధ్యాహ్నం బస్సుకు రహమతుల్లా వచ్చాడు. కుడిచేతికి తెల్లటి కట్టు, చంకలో రంగుల పెట్టె. టేకు పలకను బస్సు పైనుంచి దించి మైదానానికి చేర్చారు. జమ్మలమడుగుకూ పులివెందులకూ ఫైనల్. తాళ్ళు కట్టిన మైదానం చుట్టూ మనిషి మీద మనిషి. వేంపల్లె, కమలాపురం నుంచి కూడా జనం దిగారు. ఆడవాళ్ళకు ఓ పక్కన తాడు కట్టి పట్టా పరిచారు. జరిగింది తండ్రికి చెబుదామని మెహరున్నీసా రెండుసార్లు లేచింది. ఆయన కమిటీ కుర్చీల్లో కూర్చున్నాడు, దారి లేదు.

విజిల్ మోగింది. బంతి బొమ్మ గీసిందే గానీ ఆమె ఆట చూడడం ఇదే మొదలు. ఉత్త కాళ్ళతో తోలుబంతిని తన్నుతుంటే ఆ చప్పుడు తన కాలికే తగిలినట్టు ఉలిక్కిపడింది. దుమ్ములో యోబు ఎడమ పక్కన పరుగెడుతున్నాడు, వేలికి అదే పాతగుడ్డ. కరుణమ్మ టీచరుకు పూనకం వచ్చింది. “తన్నరా! తన్నరా యోబూ! నిద్రపోతాండావా!”

మెహరున్నీసా కళ్ళు యోబు ముఖం మీద నిలిచిపోయాయి. తన్నేటప్పుడు అతను బంతిని చూడడం లేదు. బంతి పోయి పడాల్సిన చోటును చూస్తున్నాడు.

“అక్కా, తప్పు గీసినా! చూపు బంతి మీద పెట్టినా. ఆడ కాదు వాడు చూసేది!”

“ఇప్పుడా మే అది! అటు చూడు!”

యోబు ఒక గోలు వేశాడు. పులివెందులవాళ్ళు రెండు వేశారు. ఆఖరి నిమిషంలో యోబు తన్నిన బంతి గోలుకు పాతిన సరుగుడు కొయ్యకు తగిలి ఫట్టుమని వెనక్కి వచ్చింది. విజిల్. పులివెందుల జనం తాళ్ళు తెంచుకుని మైదానంలోకి ఉరికారు. వాళ్ళ కెప్టెన్ కమాల్ బాషాను భుజాల మీదికెత్తారు. యోబు గోలు దగ్గరే కూలబడి వేలి గుడ్డ విప్పుకుంటున్నాడు. కరుణమ్మ ముక్కు చీదింది.

పలకను బల్లమీద నిలబెట్టారు. ఇంకా మంచి వెలుతురు ఉంది. కమిటీ కార్యదర్శి నూర్ అహ్మద్ చేతులెత్తి జనాన్ని ఊరకుండమన్నాడు. “చిత్రకారులు రహమతుల్లా గారు చెయ్యి నొప్పితో ఉండారు. కాబట్టి మన గఫూర్…”

“ఒక్క నిమిషం సాబ్” అన్నాడు గఫూర్. “చాచాను ఒక మాట అడగాల. పొద్దున హోటల్లో ఒకామె అందరి ముందర అనింది, బోర్డులు రాసేది తనేనని. విచారిస్తే ఈయన కూతురంట. నిజమా చాచా? నిజమైతే నాలుగేండ్లుగా ఊరినంతా మోసం చేసినట్టే గదా. కాకపోతే ఆ కట్టిప్పి రాయి. నాకేం వద్దు.”

కూతురు ఎక్కడుందా అని రహమతుల్లా ఆడవాళ్ళ వైపు చూశాడు. కనిపించింది. ఆమె తల దించుకుంది.

“నా బిడ్డ రంగులు కలుపుతాది. అంతే. ఏదో మాటవరసకు అనింటాది” అన్నాడు.

రంగులు కలుపుతాది. అంతే. మెహరున్నీసాకు చెంప మీద కొట్టినట్టయింది. ఆయన ఎందుకన్నాడో తెలుసు, భయం తెలుసు, తన నోరే ఇదంతా తెచ్చిందనీ తెలుసు. అయినా నొప్పి నొప్పే.

రహమతుల్లా కట్టు విప్పాడు. కుంచె అందుకున్నాడు. పసుపురంగులో ముంచి పలక దగ్గరికి తెస్తుంటే చెయ్యి ఊగింది, ఎడమచేత్తో మణికట్టు పట్టుకున్నాడు, రెండు చేతులూ ఊగాయి. రంగుబొట్టు ఒకటి నున్నటి నలుపు మీద పడి జారింది. ఎవరో నవ్వారు. ఆ నవ్వు పక్కకు పాకింది.

మెహరున్నీసా తాడు కింద నుంచి దూరింది. ఎట్లా నడిచిందో తర్వాత ఎంత తలుచుకున్నా గుర్తురాలేదు. పలక ముందు నిలబడి బురఖా చెంగు టర్పెంటైనులో ముంచి, జారుతున్న బొట్టును ఒక్క తుడుపుతో తీసేసింది. తండ్రి చేతిలోంచి కుంచె తీసుకుంది.

“డబ్బా పట్టుకో అబ్బా” అంది.

ఆయన పట్టుకున్నాడు.

“ఏందప్పా ఇది!” అన్నారెవరో. “ఆడమనిషి మైదానంలోకి…”

“గెలిచింది పులివెందుల కదా?” అంది మెహరున్నీసా నూర్ అహ్మద్ వైపు తిరిగి. ఆయన తలూపాడు. ఆమె పలకను ఎడమ అంచు దాకా ఒకసారి చూసింది, ఎక్కడ ఆగాలో ముందే గుర్తు పెట్టుకున్నట్టు. కుడివైపున కుంచె పెట్టి ‘ల’ రాసింది.

“‘ల’ అంట! చివర్నించి రాస్తాంది రోయ్!”

“మా ఊరిని ఉల్టా చేసిందప్పా!” అని కమాల్ బాషా భుజాల మీంచే అరిచాడు. మైదానమంతా నవ్వు. గఫూర్ నవ్వలేదు. దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

‘దు’. ‘వెం’. నవ్వు కొంచెం తగ్గింది. ‘లి’. ఇంక ఎవరూ నవ్వలేదు. ‘పు’కు ఎంత చోటు కావాలో అంతే మిగిలింది. ఇరుక్కోలేదు. అయిదు అక్షరాలూ వరసలో నిలబడ్డాయి. యోబు కుంటుకుంటూ వచ్చి చూసి, “మమ్మల్ని ఓడించిన ఊరి పేరు ఇంత బాగా రాస్తివే మెహరూ!” అన్నాడు. పులివెందులవాళ్ళు చప్పట్లు కొట్టారు.

గఫూర్ వంగి ‘పు’ దగ్గర అక్షరాల ఎడం చూశాడు. “అద్గదీ సంగతి” అని మాత్రం అన్నాడు. “నాలుగేండ్లు ముసలాయన కళ్ళదే తప్పనుకుంటి.”

నూర్ అహ్మద్ గొంతు సవరించుకున్నాడు. మంచిమనిషి, గొడవ పెరగకుండా చూడాలని ఆయన తాపత్రయం. “శానా బాగుందమ్మా. మీ నాయనకు సాయం చేసినావు. ఇంక మూలన ఆయన పేరు రాసేయి. అందరూ ఎరిగిన పేరు. దాంతో అయిపాయ. ఏమంటారు?”

అందరూ అదే అన్నారు. హోటలాయన కూడా గుంపులోంచి తలూపాడు. ఇందులో ఎవరికీ ఇబ్బంది లేదు. రేకులు వస్తూనే ఉంటాయి, తలుపు మూసుకుని రాస్తూనే ఉండొచ్చు.

మెహరున్నీసా పలక ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. ఖాళీ మూల కంటికి ఎదురుగా వచ్చింది. రెండువందల బోర్డుల మీద రాసిన చెయ్యి అది, ‘ల్లా’కు అలవాటు పడి దానంతటదే కదలబోయింది. ఆమె ఆపింది. కుంచె మొన డబ్బా అంచుకు ఆనించి రంగు పిండుకుంది. పేరులో చివరి అక్షరం ముందు రాసింది.

‘సా’.

జనానికి ఏమీ తెలియలేదు. ఒక్క అక్షరమే కదా, అందులోనూ చివరిది. “ఇదేందో మళ్ళా” అని వెనకవాళ్ళు మెడలు సాచారు. నూర్ అహ్మద్ కళ్ళజోడు సవరించుకున్నాడు. తాడు దగ్గర కరుణమ్మ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది.

చివర్నించి చదవడం తెలిసిన మనిషి మైదానంలో ఇంకొకడే ఉన్నాడు. ఆయన ఆ అక్షరాన్ని చూస్తున్నాడు. చేతుల్లో డబ్బా గడగడ వణికి, పసుపురంగు ఆయన చొక్కా మీద చిందింది. మెహరున్నీసా తల తిప్పలేదు. ఆయన వద్దంటే ఏం చెయ్యాలో ఆమె అనుకోలేదు. కుంచె గాల్లో అట్లాగే ఉంది.

రహమతుల్లా డబ్బాను పొట్టకు ఆనించి, రెండు చేతులతో గట్టిగా అదిమి, మెల్లగా ఆమె పక్కన చతికిలబడ్డాడు. డబ్బాను ఆమె చేతికి దగ్గరగా జరిపాడు.

“‘న్నీ’ కింద వత్తు పెద్దదిగా రాయి బేటీ” అన్నాడు. “పైకెక్కితే కనపడదు.”